కారణం రాసిన చీటీ

చెప్పకుండా దాచుకున్న పాపానికి కూడా క్షమాపణ దొరుకుతుందా అన్న అనుమానం లూర్దు మేరీకి ఐదేళ్లుగా ఉంది. నెలకోసారి శనివారం సాయంత్రం చర్చిలో పాపసంకీర్తనానికి వెళ్తుంది. కూతురి మీద చెయ్యి చేసుకున్నానని, జపమాల మధ్యలో నిద్రపోయానని, పక్కింటివాళ్ల సంగతి ఇంకొకరితో అన్నానని చెబుతుంది. "ఇంకేమైనా ఉందా అమ్మా?" అని ఫాదర్ గారు అడుగుతారు. "లేదు ఫాదర్" అంటుంది. ఆయన మూడు పరలోక జపాలు చెప్పుకోమంటారు. చెప్పుకుంటుంది. బయటికొచ్చి చెప్పులు వేసుకునేటప్పుడు, ఇప్పుడు లోపల జరిగింది చెల్లినట్టా కాదా అనుకుంటుంది. ఎవరినైనా అడుగుదామంటే ముందు ఆ దాచుకున్నదేదో చెప్పాలి.

బుధవారం పొద్దున్న మందుల కంపెనీ బస్సు ఎప్పటిలాగే ఐదున్నరకి నెహ్రూ చౌక్‌లో ఎక్కించుకుని ఆరున్నరకల్లా అచ్యుతాపురంలో దింపింది. ప్యాకింగ్ హాల్లోకి వెళ్లేముందు ఆడవాళ్లంతా ట్యూబులైటు కింద వరసగా నిలబడాలి. చేతులు ముందుకి చాపాలి, తిప్పాలి, గోళ్లు చూపించాలి. అది రోజూ ఉండేదే. ఆ రోజు నుంచి మాస్కు కూడా కిందికి దించి ముఖం చూపించమన్నారు. రెండు వారాలుగా లూర్దు మేరీ బస్సులోనే మాస్కు కట్టుకుని దిగుతోంది.

షిఫ్టు ఇన్‌చార్జి స్టాన్లీ రిజిస్టరు పట్టుకుని ఒక్కొక్కరి ముందూ ఆగుతున్నాడు. ఆదివారం చర్చిలో మైకు ముందు నిలబడి పఠనం చదివేది ఆయనే. చర్చిలో ఆమె ఆయన్ని అన్నయ్యా అంటుంది, ఇక్కడ సార్ అంటుంది. ఆమె ముందు ఆగి, చూసి, రిజిస్టరు వైపు తల దించుకున్నాడు. దవడ పొడుగునా, గడ్డం కింద, మెడ మొదట్లో ఎర్రటి మొటిమలు. వాటిలో నాలుగైదు చీము పట్టి ఉన్నాయి.

"మేరీ, నువ్వు కాస్త పక్కకి రా."

వచ్చింది.

"ఏమిటివి?"

"మొటిమలు సార్."

"ముప్ఫై ఏళ్లకా?" అని, వెంటనే అలా అన్నందుకు మొహమాటపడ్డాడు. "చీము కారేది ఏదున్నా హాల్లోకి పంపకూడదమ్మా. రూలు. నేను పంపినా రేపు పెద్ద సార్లు నన్ను పంపించేస్తారు. డాక్టరు దగ్గర చీటీ రాయించుకు రా. ఎందుకొచ్చింది, అంటుకుంటుందా లేదా, రెండూ ఉండాలి. మొన్న పైడిరాజు చెల్లెలు ఉత్తినే ఏమీ కాదని రాయించుకొస్తే వెనక్కి పంపేశారు. శనివారంలోగా తేకపోతే నీ పేరు కాంట్రాక్టరుకి తిప్పి పంపమంటారు."

"ఎందుకొచ్చిందో కూడా రాయాలా సార్?"

"రాయాలి."

ఏడాదిన్నరగా ఆమె పని బెల్టు ముందు కూర్చోవడం. జ్వరం మాత్రల స్ట్రిప్పులు వరసగా వస్తుంటే, గుంట ఖాళీగా ఉన్నదీ మాత్ర విరిగినదీ చూసి పక్కకి తియ్యడం. ఆ రోజు షెడ్డులో అట్టపెట్టెలు మడవడానికి పంపించారు. నాలుగు రెక్కలు లోపలికి మడిచి, బోర్లించి, అడుగున టేపు వెయ్యాలి. టేపు చించే పళ్ల చక్రం మొండిది. మధ్యాహ్నానికి బొటనవేలి చర్మం లేచింది. అది నొప్పి పెడుతోందా లేదా అని ఒకసారి నొక్కి చూసుకుంది. పెడుతోంది, కానీ దూరంగా, వేరే ఎవరి వేలో అయినట్టు.

పక్కన టేపు వేస్తున్న మరిడమ్మ ఊరుకునే మనిషి కాదు.

"ఏటే, ఈ వయసులో మొటిమలేటే? మొగుడు మళ్లీ మనసు పడ్డాడేటి?"

"పడ్డాడులే."

"నవ్వకుండా సెప్తాది సూడు. మా ఆడపడుచు కూతురికి ఇలాగే వత్తే ఎర్రసందనం రాసేరు. తగ్గలేదనుకో."

"తగ్గనప్పుడు ఎందుకు సెప్తన్నావు?"

"ఊసుపోక" అంది మరిడమ్మ, ఇంకో పెట్టె బోర్లిస్తూ.

*

ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టేశారు. అత్తగారు ఆరోగ్యమ్మ యేసు తిరుహృదయం పటం ముందు కొవ్వొత్తి వెలిగించి, మనవరాలు సిరి చేత మంగళవార్త జపం చెప్పిస్తోంది. జపం అయ్యాక, రోజూ చేసినట్టే, చర్చి పండగనాడు మంత్రించి ఇచ్చిన నూనె సీసా తీసింది. వేలు ముంచి కోడలి నుదుటి మీద సిలువ వేసింది. తర్వాత ఆ వేలితోనే దవడ మీదా, గడ్డం మీదా, మొటిమ మొటిమకీ రాసింది. ఆమె వేళ్లు మెత్తగా ఉంటాయి. లూర్దు మేరీ కళ్లు మూసుకుని ముఖం పట్టి ఉంచింది. వద్దనడానికి మాట వెతుక్కోవాలి. నూనె మంచిది కాదేమో అంటే దేవుడి నూనె అంటుంది. దేవుడు ముఖం మీద పొంగిన దాన్ని చూస్తాడా, దాని కింద ఉన్నదాన్ని చూస్తాడా అన్నది ఈమెకి తెలీదు.

"లూర్దూ" అంది ఆరోగ్యమ్మ సీసా మూత పెడుతూ, గొంతు తగ్గించి. "నాకు తెలీదనుకుంటన్నావేటి?"

లూర్దు మేరీ కళ్లు తెరిచింది.

"బాత్రూం ఎనక తీగ మీద నీ గుడ్డలు ఆరి మూడు నెల్లయ్యింది. నేను లెక్కెట్టుకుంటన్నాను."

"అదేటి కాదత్తా."

"మొదట్లో అందరూ అలాగే అంతారు. దిష్టని సెప్పరు. రోనాల్డ్ కడుపులో ఉన్నప్పుడు నా మొకం కూడా ఇలాగే అయిపోయింది. అద్దంలో సూసుకోలేకపోయేదాన్ని. మగపిల్లోడికే ఇలా వత్తాది." ఆమె నవ్వింది. ఆ నవ్వు చాలా కాలంగా ఆ ఇంట్లో లేదు. "ఆదివారం పూజలో సదవడానికి కృతజ్ఞతా కోరిక రాయించేసేను. మన ఇంటి పేరున."

గోడకి ఆనుకుని అన్నం తింటున్న భర్త రోనాల్డ్ చెయ్యి ఒకసారి ఆగింది. తుమ్మపాల చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు అతను. ఎంత తోమినా గోళ్ల చుట్టూ గ్రీజు నల్లగా ఉంటుంది. తల ఎత్తకుండా చారు పోసుకున్నాడు.

గిన్నెలు తోమే చోట లూర్దు మేరీ అతనితో అంది, "అత్తకి నువ్వు సెప్పు."

"నేనేటి సెప్తాను?"

"మాత్తర్లు సెప్పు. బీపీ ఉందని డాక్టరమ్మ మాన్పించి ఇంజెక్షన్ వేసిందని సెప్పు. దానికే నెలసరి ఆగిందని సెప్పు. నీకు తెలుసు గదా అన్నీ."

"తెలుసు."

"మరి?"

అతను చేతులు కడుక్కుని, నీళ్లు విదిలించి, తుండుగుడ్డ కోసం చూశాడు. "ఆడోళ్ల మాటలు మా అమ్మతో నేను ఎలా సెప్పేది? నువ్వే ఎలాగోలా..." అని లోపలికి వెళ్లిపోయాడు. ఆమెకి కోపం రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

*

గురువారం సాయంత్రం బస్సు దిగి నేరుగా ఆసుపత్రికి వెళ్లింది. బెల్లం మార్కెట్టు దాటాక మేడ మీద ఎనిమిది మంచాల చిన్న ఆసుపత్రి. డాక్టరమ్మ శ్యామలాదేవి. మెట్ల పక్క బల్ల దగ్గర తెల్ల కోటులో కూర్చుని కార్డులు తీసే నర్సు సుజి, రోనాల్డ్ చెల్లెలు. ఆసుపత్రి వెనక గదిలోనే ఉంటుంది. ఇంటికి క్రిస్మసుకీ ఈస్టరుకీ వస్తుంది.

"వదినా! మొకం ఏటిలాగయ్యింది?" అని లేచి, గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. "నూనె రాస్తోందా అమ్మ?"

"రోజూ."

"అనుకున్నాను."

శ్యామలాదేవి బీపీ చూసి, కార్డు తిరగేసి, ముఖం చూసింది. ఆవిడ నెమ్మదిగా మాట్లాడుతుంది. "నువ్వు ఇన్నేళ్లూ వేసుకున్న మాత్రలు పిల్లల్ని ఆపడమే కాదు, మొటిమల్ని కూడా అణిచి ఉంచాయి. బీపీ వచ్చిందని అవి మాన్పించాం. మూడు నెలల ఇంజెక్షన్‌లో ఆ గుణం లేదు. కొందరికి మొటిమలు ఎక్కువ చేస్తుంది కూడా. నీ తప్పేం లేదు, ఒళ్లు మార్పుకి అలవాటు పడుతోంది, అంతే. మూడోది ఇవాళ వెయ్యాలి. వెయ్యను."

"మరి పిల్లలు..."

"కాపర్ టీ వేస్తాను. అందులో హార్మోను ఉండదు. వేసిన ఇంజెక్షన్ ఒంట్లోంచి పోవడానికి కొన్ని నెలలు పడుతుంది, ముఖం కూడా అలాగే నెమ్మదిగా తేరుకుంటుంది. గిల్లకు. రెండు పూటలా మామూలు సబ్బుతో కడుక్కో, రుద్దకు. ఈ ట్యూబు రాత్రి పూట పల్చగా రాయి. మొదట్లో మండుతుంది, చర్మం పొట్టు లేస్తుంది. పాత తలగడ గుడ్డ వేసుకో, రంగు పోగొడుతుంది. నూనె మాత్రం ముట్టుకోకు."

"అది మంత్రించిన నూనెండి."

శ్యామలాదేవి రాస్తున్న పెన్ను ఆపింది. "నుదుటి మీద ఒక్క బొట్టు రాయించుకో. దేవుడికి చాలదా?"

చాలుతుందేమో, అనుకుంది లూర్దు మేరీ. ఇన్నాళ్లూ ఎవరూ అలా అడగలేదు.

చీటీ గురించి చెప్పింది. శ్యామలాదేవి రెండు వరసలు రాసి ముద్ర వేసి ఇచ్చింది: గర్భనిరోధక ఇంజెక్షన్ వల్ల వచ్చిన మొటిమలు. అంటువ్యాధి కాదు.

"మొదటి వరస లేకుండా రాయలేరా అమ్మా?"

"రాస్తాను. వాళ్లు తీసుకుంటారా?"

చీటీ నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది.

మెట్ల దగ్గర సుజి కూడా వచ్చింది. "వదినా, విశాఖలో పెద్దాసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. సర్టిఫికెట్లు ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్నాయి. ఆదివారం పొద్దున్నే వస్తాను."

"రా."

"అమ్మకి సెప్పు, బ్యాగులో టిఫిన్ బాక్సు తప్ప ఏటీ ఉండదని" అని నవ్వింది సుజి. నవ్వి, వదిన ముఖం చూసి ఆపేసింది. "ఊరికే అన్నాను. నాకు అలవాటైపోయింది వదినా. గడప బయట బ్యాగు పెడతాను, అమ్మ జిప్పు తీసి చూస్తాది, అయిపోతే లోపలికొస్తాను. ఎంతసేపు? రెండు నిమిషాలు."

"సుజీ, ఆ రోజు..."

"వద్దు."

"మాత్తర్లు నీ బ్యాగులో పెడితే అత్త సూడదనుకున్నాను. నువ్వు నర్సు ట్రైనింగుకి తీసుకెళ్లే బ్యాగు గదా, ముట్టుకోదనుకున్నాను."

"తెలుసు. అమ్మ స్ట్రిప్పు ఎత్తి పట్టుకుని ఇవి ఎవరివే అన్నప్పుడు నువ్వు పొయ్యి దగ్గరున్నావు. నీ మొకం చూసేను. తెలిసిపోయింది."

ఐదేళ్ల కిందటి ఆ స్ట్రిప్పులో ఏడు గుంటలు ఖాళీగా ఉండడం లూర్దు మేరీకి ఇప్పటికీ కనిపిస్తుంది. పొయ్యి మీద పాలు పొంగి కారిపోతుంటే తను గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. పెళ్లి కాని పిల్లని ఆరోగ్యమ్మ పటం ముందు మోకరింపజేసింది. సుజి ఒక్క మాట అనలేదు. తనూ అనలేదు.

"నువ్వెందుకు సెప్పలేదే?"

"నువ్వు సెప్తావనుకున్నాను" అంది సుజి. మామూలుగానే అంది, లోపల ఎవరో పిలుస్తుంటే వస్తున్నా అంటూనే అంది.

*

శనివారం పొద్దున్న ట్యూబులైటు కింద ఆమె వంతు వచ్చినప్పుడు చీటీ తీసి ఇచ్చింది. అది చెమటకి కొంచెం తడిసింది. స్టాన్లీ మడతలు విప్పి చదివాడు. ఇంకోసారి చదివాడు. వెనక నిలబడ్డ మరిడమ్మ మెడ సాచి చూడబోతే చీటీ రిజిస్టరులో పెట్టి మూసేశాడు.

"అంటుకునేది కాదు" అని పైకి అంటూ ఆమె పేరు ఎదురుగా రాసుకున్నాడు. "అవి ఆరేదాకా షెడ్డులోనే చెయ్యి. పేరు వెనక్కి పంపను."

"అలాగే సార్."

వరస లోపలికి వెళ్లిపోయాక ఆయన ఆమెని ఆపాడు. గొంతులో ఇన్‌చార్జి లేడు.

"రేపటి కోరికల కాగితం నా దగ్గరే ఉంది. మీ అత్తగారు రాయించింది. 'లూర్దు మేరీ కడుపు పండినందుకు కృతజ్ఞతగా' అని. చదవాల్సింది నేనే."

ఆమె నేల వైపు చూస్తోంది. గచ్చు మీద పసుపు గీత ఉంది, దాన్ని దాటకూడదు.

"ఈ చీటీ చదివి, ఆ కాగితం ఎలా చదవను అమ్మా? దేవుడి ముందు. చదవమంటే చదువుతాను. అది నువ్వు చెప్పాలి. రేపు పూజకి ముందు ఫోన్ చేయించు."

"అలాగే అన్నయ్యా" అంది. అన్నాక, సార్ అనాల్సిందని గుర్తొచ్చింది.

ఆ సాయంత్రం పాపసంకీర్తనానికి వెళ్లింది. కూతురిని తిట్టానని చెప్పింది. అబద్ధం ఆడానని చెప్పింది. ఫాదర్ గారు ఎప్పటిలాగే అడిగారు, "ఇంకేమైనా ఉందా అమ్మా?"

ఇన్నేళ్లూ తను దాచుకున్న పాపం చర్చి ఒప్పుకోని ఆ మాత్రలేననుకుంది. పిల్ల పుట్టినప్పుడు తను బతకడమే కష్టమైందని ఫాదర్ గారికి చెబితే ఆయన ఏమనేవారో ఏమో, ఆ సంగతి దేవుడూ తనూ ఎలాగో తేల్చుకునేవాళ్లు. ఇప్పుడు చెక్క జాలీ ముందు కూర్చుంటే మాత్రలు గుర్తుకు రావడం లేదు. గడప బయట కింద పెట్టిన బ్యాగు ఒక్కటే కనిపిస్తోంది.

"ఉంది ఫాదర్."

"చెప్పు."

"మీకు కాదేమో ఫాదర్ సెప్పాల్సింది."

జాలీ అవతల నుంచి ఆయన, "అయితే అక్కడ చెప్పి రా" అన్నారు. జపాలేవీ ఇవ్వలేదు.

*

ఆదివారం ఆరు గంటలకి సుజి ఆటో దిగింది. రాత్రి డ్యూటీ చేసి వచ్చినట్టుంది, కళ్లు ఉబ్బి ఉన్నాయి. గడప దాకా వచ్చి, బ్యాగు బయట పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడింది. ఆరోగ్యమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి గొంతుక్కూర్చుంది. "కులాసాయేనా?" అంటూనే జిప్పు పట్టుకుంది.

లూర్దు మేరీ లోపల సిరికి జడ వేస్తోంది. మూడు పాయలూ సగం దాకా అల్లింది. వదిలేసింది. మేకుకి తగిలించిన తన కంపెనీ బ్యాగు తీసుకుని వచ్చి, అత్తగారి మోకాళ్ల ముందు పెట్టింది.

"అత్తా, మీరు సూడాల్సిన బ్యాగు ఇది."

"ఏటే పొద్దున్నే?"

"అప్పుడు సుజి బ్యాగులో దొరికిన మాత్తర్లు నావి. నేనే పెట్టేను. మీరు తీసిందాకా సుజికి తెలీదు."

ధర చెప్పినట్టు చెప్పేసింది.

ఆరోగ్యమ్మ కూతురి వైపు చూసింది, కోడలి వైపు చూసింది. "నువ్వు సెప్పమన్నావేటే దీన్ని?" అని సుజిని అడిగింది.

లూర్దు మేరీ కింద కూర్చుని తన బ్యాగు జిప్పు తనే తీసింది. ఒక్కొక్కటీ గచ్చు మీద పెట్టింది. అన్నం డబ్బా. నీలం టోపీ. ట్యూబు. ఆసుపత్రి కార్డు. కార్డు విప్పి అత్తగారి చేతిలో పెట్టింది.

"తేదీలున్నాయి సూడండి. సిరి పుట్టిన ఏడాది నుంచి ఉన్నాయి."

ఆరోగ్యమ్మ జపపుస్తకం చదివే కళ్లజోడు తెప్పించుకుంది. కార్డు మీద వేలు పెట్టి పై నుంచి కింది దాకా వచ్చింది. ఐదేళ్ల కిందటి ఒక తేదీ దగ్గర వేలు ఆగింది. మళ్లీ కదిలింది.

"మరి కడుపు?"

"లేదత్తా. ఇంజెక్షన్‌కి అలా ఆగిపోద్ది. మొకం కూడా దానికే ఇలాగయ్యింది."

ఆరోగ్యమ్మ కళ్లజోడు తీసేసింది. నూతి గట్టు దగ్గర పళ్లు తోముకుంటున్న కొడుకు వైపు తిరిగింది. "నీకు తెలుసురా?"

రోనాల్డ్ పేస్టు ఉమ్మేశాడు. నీళ్లు పుక్కిలించాడు. చాలా సేపు పుక్కిలించాడు. "తెలుసమ్మా. నేనే తెచ్చిచ్చేవాణ్ణి" అన్నాడు.

సగం జడతో సిరి గుమ్మంలోకి వచ్చి, అందరూ కింద కూర్చోవడం చూసి తనూ కూర్చుంది. లూర్దు మేరీ భర్తతో అంది, "స్టాన్లీ అన్నయ్యకి ఫోన్ చెయ్యి. మన ఇంటి కోరిక సదవొద్దని సెప్పు." అతను చొక్కా జేబులో ఫోను కోసం లోపలికి వెళ్లాడు. కాసేపటికి అతని గొంతు వినిపించింది, "ఆఁ... అవును... లేదు, అదే..." అని.

చర్చిలో మొదటి గంట కొట్టారు.

ఆరోగ్యమ్మ ఒక చేతిలో కార్డు అలాగే ఉంది. రెండో చెయ్యి సుజి బ్యాగు మీదే ఉంది. జిప్పు నాలుగు వేళ్ల మేర తీసి ఉంది. ఆమె దాన్ని వెనక్కి లాగింది. పాత జిప్పు, మధ్యలో గుడ్డ పట్టుకుని ఇరుక్కుంది. కార్డు ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో గుడ్డ విడదీసి, చివరి దాకా మూసింది. బ్యాగు పట్టీ ఎత్తి కూతురి వైపు పట్టుకుంది. ఆమె ముఖం మాత్రం ఎత్తలేదు.

లూర్దు మేరీ సిరిని ముందు కూర్చోబెట్టుకుని జడ అందుకుంది. పాయలు విడిపోయాయి, మొదటి నుంచీ అల్లాలి. దవడ మండుతోంది, రాత్రి రాసిన మందుకి. ఆ మంట ఇప్పుడు తన ముఖం మీదే ఉన్నట్టుంది.

సుజి బ్యాగు భుజాన వేసుకుంది. కింద పెట్టకుండా గడప దాటి లోపలికి వచ్చింది.